చంటిపిల్లలతో క్రూయిజ్: బాల్కనీ గదా, మధ్య తలుపున్న రెండు గదులా?

పాలకొల్లు కోడలు:
అందరికీ నమస్కారమండీ. వేసవి సెలవుల్లో వైజాగ్ నుంచి సింగపూర్ వెళ్లి, అక్కడ మూడు రాత్రుల క్రూయిజ్ ఎక్కుదామని చూస్తున్నాం. మేమిద్దరం, నాలుగేళ్ల పాప, పదిహేను నెలల బాబు, మా అత్తగారు, మొత్తం ఐదుగురం. మా నలుగురికీ ఒక బాల్కనీ గది, కారిడార్‌కి అవతల ఎదురుగా అత్తగారికి కిటికీ లేని ఇన్‌సైడ్ గది తీసుకోమంటున్నాడు ఏజెంట్, పిల్లలున్నవాళ్లు చాలామంది ఇలాగే చేస్తారట. దీని మీద మా ఇంట్లో రోజూ వాదనే. మా ఆయనకి బాల్కనీ అంటేనే టెన్షన్, పాపకి కుర్చీ కనబడితే ఎక్కకుండా ఉండదు. అత్తగారైతే 2019లో కచ్చులూరు దగ్గర లాంచీ మునిగిన దగ్గర్నుంచి నరసాపురం రేవులో పంటు ఎక్కడానికి కూడా ఒప్పుకోరు. మనవల కోసం వస్తానన్నారు గానీ కిటికీ లేని గదిలో ఒక్కదాన్నే పడుకోనంటున్నారు. అంత ఖర్చు పెట్టుకుని సముద్రం మీదికి వెళ్లి సముద్రం కనబడని గదిలో ఉండటమేంటని నా బాధ. పిల్లలతో వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి, బాల్కనీకి అంత డబ్బు పెట్టడం సబబేనా?

భీమవరం నాన్న:
కళ్లు మూసుకుని బాల్కనీ తీసుకోండి. పిల్లల్లేనివాళ్లు రోజంతా డెక్ మీదే తిరుగుతారు, గదికి పడుకోవడానికే వస్తారు, వాళ్లకి ఏ గదైనా ఒకటే. మీ పరిస్థితి అది కాదు కదండీ. బాబు మధ్యాహ్నం ఓ రెండు గంటలు పడుకుంటాడు, రాత్రి ఎనిమిదింటికల్లా మళ్లీ పడుకుంటాడు, అంతసేపూ ఎవరో ఒకరు గదిలో ఉండాల్సిందే. లైటు ఆపేసి మంచం మీద ఊపిరి బిగబట్టుకుని ఫోన్ చూస్తూ కూర్చుంటారా, తలుపు చేరవేసి బయట కుర్చీలో గాలికి కూర్చుంటారా? మేం వెళ్లినప్పుడు నేనూ మా ఆవిడా నిమ్మళంగా మాట్లాడుకున్నది ఆ బాల్కనీలోనే, పిల్లలు పుట్టాక మాకు అంత తీరిక ఇంకెక్కడా దొరకలేదు. ఇక భద్రత అంటారా, తలుపు హ్యాండిల్ పెద్దవాళ్లు తిప్పడానికే బరువుగా ఉంటుంది, చాలా ఓడల్లో పైన పిల్లలకి అందనంత ఎత్తులో ఇంకో గడి కూడా ఉంటుంది. అమెరికా రేవులకు వెళ్లే ఓడలకైతే రెయిలింగ్ 42 అంగుళాలకి తగ్గకూడదని 2010లో చట్టమే చేశారు.

తణుకు టీచరు:
42 అంగుళాలంటే మూడున్నర అడుగులు. నాలుగేళ్ల పిల్ల నిలబడితే ఇంచుమించు అంతే ఎత్తు ఉంటుంది, అదే పిల్ల కుర్చీ ఎక్కితే రెయిలింగ్ నడుము దగ్గరికే వస్తుంది. వాళ్లాయన భయపడటంలో తప్పేముంది? బాల్కనీ ఉంటే ఆ తలుపు మీదే పగలూ రాత్రీ ఒక కన్ను ఉంచాలి, సెలవు కోసం వెళ్లి కాపలా కాయడం నాకు నచ్చదు. రెండిటికీ ఇన్‌సైడ్ గదులే తీసుకోండమ్మా. దీపం ఆపితే చిమ్మచీకటి, మా పిల్లలు పొద్దెక్కేదాకా కదలకుండా పడుకున్నారు. చిన్న బ్యాటరీ బెడ్‌లైటు ఒకటి పట్టుకెళ్లండి, లేకపోతే రాత్రి బాత్రూమ్ ఎటుందో కూడా తెలియదు. మిగిలిన డబ్బుతో సింగపూర్‌లో ఇంకో రోజు ఉండి జూ చూపించొచ్చు, పిల్లలకి గుర్తుండేది అదే.

భీమవరం నాన్న:
టీచరు గారూ, 2025 జూన్‌లో డిస్నీ డ్రీమ్ ఓడ నుంచి ఒక పాప సముద్రంలో పడితే తండ్రి వెనకే దూకాడు, ఇద్దరినీ బతికించి పైకి తీశారు. ఆ పాప పడింది గది బాల్కనీ నుంచి కాదు, అందరూ నడిచే నాలుగో డెక్ (అంతస్తు) నుంచి. ఇన్‌సైడ్ గది తీసుకున్నంత మాత్రాన పిల్లని డెక్ మీదికి తీసుకెళ్లకుండా ఉంటారా? కన్ను ఎక్కడైనా ఉంచాల్సిందే. గదిలో దిగగానే బాల్కనీ కుర్చీలు లోపల పెట్టేయండి, లేదా గది చూసే స్టివార్డ్‌కి చెబితే తీసుకెళ్లిపోతారు. ఎక్కడానికి ఏమీ లేకపోతే పెద్దవాళ్లు పక్కన ఉన్నంతసేపూ భయం లేదు.

తణుకు టీచరు:
కుర్చీలు తీసేస్తే మీరు మాట్లాడుకుంటూ కూర్చునేది ఎక్కడండీ?

రాజోలు అక్క:
మీరిద్దరూ బాల్కనీ చుట్టూనే తిరుగుతున్నారు గానీ చెల్లెమ్మ ఐదుగురం అన్న మాట చూశారా? మామూలు గదిలో ఎక్కువలో ఎక్కువ నలుగురు, చంకలో పిల్లాడు కూడా ఆ లెక్కలోకే వస్తాడు. రైల్లో ఐదేళ్లలోపు పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకున్నట్టు ఇక్కడ కుదరదు, లైఫ్‌బోట్‌లో ప్రతి ప్రాణికీ ఒక చోటు లెక్కగట్టి ఉంచుతారు. కాబట్టి ఎలాగూ రెండు గదులు కొనాల్సిందే. ఆ రెండూ ఎలాంటివి కొనాలన్నదే ప్రశ్న, నా సమాధానం మధ్యలో తలుపున్నవి. కనెక్టింగ్ అంటారు.

ఎదురెదురు గదులు ప్లాన్ కాగితం మీద బాగానే కనిపిస్తాయి. రాత్రి పదకొండింటికి పాప లేచి నానమ్మ దగ్గరికి పోతానని ఏడిస్తే ఎత్తుకుని కారిడార్‌లోకి రావాలి. ఆ తలుపులు అగ్గి అంటుకుంటే పొగ బయటికి రాకుండా బరువుగా చేసినవి, వదిలితే వాటంతటవే మూసుకుంటాయి, చిన్నవాళ్ల వేళ్లు పడితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. తెరిచి పెట్టి ఉంచనివ్వరు కూడా. అప్పుడు మీ అత్తగారు ఒక్కరే అటు, మీ నలుగురూ ఒకే బాత్రూమ్‌తో ఇటు. ఆ బాత్రూమ్‌లో ఒక మనిషి తిరగడమే కష్టం, చాలా గదుల్లో షవర్ తప్ప టబ్ ఉండదు, పదిహేను నెలల బాబుకి అందులో స్నానం చేయించేటప్పుడు బయట పాప బాత్రూమ్ అర్జెంటని గెంతుతూ ఉంటుంది. చాలా ఓడల్లో ఇన్‌సైడ్ గది 150 నుంచి 180 చదరపు అడుగుల్లోపే. క్రిబ్, అంటే చంటివాడి మంచం వేసి, ఒక సూట్‌కేస్ తెరిచారంటే నేల కనబడదు. బాల్కనీ కొన్నా పెరిగేది ఎక్కువగా బయటే, లోపల కాదు.

మధ్య తలుపు ఉంటే రెండు బాత్రూములు, రెండు గదులూ కలిసి ఒకే ఇల్లు. భీమవరం అన్నయ్య అడిగిన ప్రశ్న సరైనదే, పిల్లలు పడుకున్నాక పెద్దవాళ్లు ఎక్కడ కూర్చోవాలన్నదే అసలు ప్రశ్న. దానికి బాల్కనీ ఒక్కటే దారి కాదు. పిల్లలు అటు గదిలో నానమ్మ పక్కన పడుకుంటారు, మీరు ఇటు లైటు వేసుకుని కూర్చుంటారు, తలుపు ఓరగా తీసి ఉంటుంది. పెద్దావిడ ఒక్కరే పడుకునే పని కూడా ఉండదు.

డబ్బు సంగతి కూడా చెబుతాను, ఏజెంట్లు ఇది విడమరిచి చెప్పరు. ప్రతి గదిలో మొదటి ఇద్దరిదే పూర్తి ఛార్జీ, మూడో మనిషికీ నాలుగో మనిషికీ సాధారణంగా తక్కువ పడుతుంది. ఒక్కరే ఉన్నా చాలా కంపెనీలు దాదాపు ఇద్దరి ఛార్జీ కట్టించుకుంటాయి. అంటే నలుగురూ ఒక్కరూ అని విడగొడితే అత్తగారి గదిలో ఖాళీ మంచానికి కూడా డబ్బు కడుతున్నట్టే. పాప పేరు అత్తగారి గదిలో రాయించి, మీ ముగ్గురూ ఒక గది అనుకోండి, లెక్క వేయించి చూడండి. గదికి ఒక పెద్ద మనిషి ఉండాలన్న నియమం కూడా సరిపోతుంది. ఓడ ఎక్కాక ఎవరు ఏ మంచం మీద పడుకున్నారో ఎవరూ అడగరు.

ఒక్క జాగ్రత్త. "పక్కపక్క గదులే మేడమ్" అంటే ఒప్పుకోవద్దు, పక్కనున్నంత మాత్రాన మధ్యలో తలుపు ఉండదు. గది నంబర్లు అడిగి తీసుకుని కంపెనీ డెక్ ప్లాన్‌లో, అంటే ఏ అంతస్తులో ఏ గది ఎక్కడుందో చూపే పటంలో, ఆ రెండు గదుల మధ్య కనెక్టింగ్ గుర్తు ఉందో లేదో మీరే చూడండి. ఇలాంటివి కొన్నే ఉంటాయి, ముందే అయిపోతాయి. గ్యారంటీ రేటు అని చవగ్గా ఇస్తామంటారు, అందులో గది నంబరు కంపెనీయే తర్వాత వేస్తుంది, పిల్లలున్నవాళ్లు దాని జోలికి పోకూడదు.

భీమవరం నాన్న:
అక్కా, మధ్య తలుపు పలచగా ఉంటుంది, అటు టీవీ ఇటు వినిపిస్తుంది. అయినా రెండు బాల్కనీ గదులకి కూడా మధ్య తలుపు ఉంటుంది కదా. సముద్రం గాలి లేకుండా ఆ ప్రయాణం ఏంటో నాకర్థం కాదు.

రాజోలు అక్క:
అటు గదిలో ఉండేది మనవాళ్లే, శబ్దమైతే తగ్గించమంటాం. రెండు బాల్కనీలంటే కాపలా కాయాల్సిన తలుపులు రెండు, బాల్కనీకి పెట్టే అదనపు ఖర్చూ రెండింతలు. మూడు రాత్రులకి నేనైతే పెట్టను. వారం రోజుల ప్రయాణమైతే, పిల్లలు కాస్త పెద్దవాళ్లయితే మీ మాటే నా మాట.

కాకినాడ బాబాయ్:
ఓడల్లో పని చేసినవాణ్ని కాబట్టి ఒక మాట చెబుతానమ్మా. గది రకం కంటే గది ఎక్కడుందన్నది ముందు చూడండి. ఊపు ముక్కు దగ్గరా వెనక కొసనా ఎక్కువ, పైకి వెళ్లేకొద్దీ పక్కలకి ఊగడం ఎక్కువ. మధ్యలో, కింది డెక్కుల్లో ఉన్న గది అన్నిటికంటే కుదురుగా ఉంటుంది, ఖరీదైన బాల్కనీలు పైనే ఎక్కువ. రెండేళ్లలోపు పిల్లలకి ప్రయాణం వికారం సాధారణంగా రాదు, కాబట్టి బాబు గురించి బెంగ వద్దు, చూసుకోవాల్సింది మీ అత్తగారిని, పాపని. సింగపూర్ చుట్టుపక్కల, మలక్కా జలసంధిలో నీళ్లు మామూలుగా నెమ్మదిగానే ఉంటాయి, పక్కన సుమత్రా అడ్డుంటుంది. మన బంగాళాఖాతం అలా కాదు, జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి గాలులు, ఆ తర్వాత డిసెంబర్ దాకా తుపాన్లు.

ఇంకోటి, గదికి పైనా కిందా ఏముందో డెక్ ప్లాన్‌లో చూడండి. పైన ఈతకొలను డెక్ ఉంటే తెల్లవారకుండానే కుర్చీలు ఈడ్చే చప్పుడు మొదలవుతుంది, కింద థియేటరో డాన్స్ హాలో ఉంటే అర్ధరాత్రి దాకా దబదబలు. పైనా గదులే, కిందా గదులే ఉన్న డెక్ చూసుకుంటే పిల్లలు పడుకుంటారు. లిఫ్టుకి మరీ ఆనుకుని వద్దు, మరీ దూరమూ వద్దు.

అత్తగారితో నా మాటగా చెప్పండి. కచ్చులూరులో వరద గోదావరి సుడిలో పడింది చిన్న లాంచీ. ఆ భయం ఎవరిమాటా వినదు, నాకు తెలుసు. ఓడ ఎక్కినరోజే బయల్దేరక ముందు భద్రతా డ్రిల్ ఉంటుంది, అందులో ఆవిణ్ని ముందు నిలబెట్టండి, తన లైఫ్‌బోట్ ఏదో, ఏ దారిన వెళ్లాలో సొంతంగా చూస్తే మనసు కుదుటపడుతుంది. బాబు సైజు లైఫ్‌జాకెట్ గదిలో లేకపోతే వెంటనే అడిగి తెప్పించుకోండి.

అమలాపురం మామ:
అంత దూరం ఎందుకండీ, వైజాగ్ నుంచే ఉంది కదా, 2022లో కార్డీలియా క్రూయిజ్ కంపెనీ వాళ్ల ఎంప్రెస్ ఓడ వచ్చింది, 2023లో క్రూయిజ్ టెర్మినల్ కూడా కట్టారు.

కాకినాడ బాబాయ్:
వైజాగ్ నుంచి ఏడాదంతా నడవదు, తేదీలు చూసుకోవాలి. అది 1990లో కట్టిన ఓడ, అందులో బాల్కనీ గదులు చాలా తక్కువ, ఎక్కువ భాగం ఇన్‌సైడ్, కిటికీ గదులే. అదెక్కితే ఈ వాదన సగం ఉండదు.

పాలకొల్లు కోడలు:
బాబాయ్ గారూ, మీ మాటలు అత్తగారికి చదివి వినిపించాను, డ్రిల్ సంగతి మళ్లీ మళ్లీ అడిగారు. అక్కా, నాకు ఇంకో అనుమానం. బాల్కనీ కాకుండా కిటికీ ఉన్న గదులకి మధ్య తలుపు దొరుకుతుందా? అలాగే బాబుకి ఇంటి ఉగ్గు తప్ప ఏదీ సరిపడదు, చిన్న కుక్కర్ పట్టుకెళ్లొచ్చా?

రాజోలు అక్క:
కిటికీ గదుల్లోనూ కొన్ని ఓడల్లో దొరుకుతాయి, అడుగు. నన్నడిగితే మీకు అన్నిటికంటే నప్పేది అదే, అద్దం తెరుచుకోదు కాబట్టి మీ ఆయనకి టెన్షన్ లేదు, వెలుగు వస్తుంది కాబట్టి అత్తగారికి ఊపిరాడనట్టు ఉండదు, నీకు సముద్రం కనబడుతుంది. "అబ్‌స్ట్రక్టెడ్ వ్యూ" అని రాసి ఉంటే మాత్రం కిటికీకి ఎదురుగా లైఫ్‌బోట్ వేలాడుతుంటుంది, చవగ్గా వస్తుంది గానీ మీకొద్దు.

కుక్కర్, కెటిల్, ఇస్త్రీపెట్టె స్కానింగ్‌లో తీసి పక్కన పెట్టేస్తారు, అగ్నిప్రమాదం భయం. ఇంట్లో వండినవీ రానివ్వరు. సీలు వేసిన బేబీ ఫుడ్ ప్యాకెట్లు, పాలపొడి సాధారణంగా రానిస్తారు, ముందే కంపెనీకి మెయిల్ పెట్టి జవాబు దగ్గర ఉంచుకో. డైనింగ్ హాల్లో మొదటి రాత్రే అడిగితే మెత్తటి అన్నం, ఉడికించిన కూరగాయ మెత్తగా చేసి ఇస్తారు, నెయ్యి సీసా ఒకటి సీలుతో ఉన్నది పెట్టుకో.

యానాం తల్లి:
డైపర్ పిల్లల్ని చాలా ఓడల్లో ఈతకొలనులోకి దిగనివ్వరు, స్విమ్ డైపర్ వేసినా సరే, విడిగా నీళ్ల ఆట చోటు ఉందో లేదో చూసుకోండి. పిల్లల క్లబ్ కూడా ఎక్కువ ఓడల్లో మూడేళ్లు నిండి, బాత్రూమ్ అలవాటైన వాళ్లకే. అంటే పాప వెళ్తుంది, బాబు మీ దగ్గరే ఉంటాడు, వాడు ఉండేది గదిలోనే. అందుకని నాదీ రాజోలు అక్క మాటే.

భీమవరం నాన్న:
నేను ఇప్పటికీ బాల్కనీయే అంటాను. కానీ ఐదుగురిలో పెద్దావిడ ఒంటరిగా పడుకోకూడదంటే అక్క చెప్పింది కాదనలేను.

పాలకొల్లు కోడలు:
ఏజెంట్‌తో మాట్లాడానండీ. మొదట పక్కపక్కవే ఉన్నాయన్నాడు, గది నంబర్లు పంపమంటే అప్పుడు వెతికి, మధ్య తలుపున్న కిటికీ గదులు రెండు చూపించాడు, మధ్య భాగంలోనే, పైనా కిందా గదులే. పాప పేరు అత్తగారితో వేసి మళ్లీ లెక్క కట్టమన్నాను, బాల్కనీ ప్లస్ ఇన్‌సైడ్ కంటే తక్కువే వచ్చింది. రేపు అడ్వాన్స్ కడుతున్నాం.

రాజోలు అక్క:
కట్టేముందు రెండు బుకింగ్‌లూ కలిపి లింక్ చేయించు, లేకపోతే భోజనం టేబుళ్లు వేర్వేరు పడతాయి. క్రిబ్ కావాలని మెయిల్‌లో రాయించు, ఓడలో అవి కొన్నే ఉంటాయి. పాపకి పైనుంచి దింపే బెర్త్ వేస్తామంటే వద్దను, కింది మంచమే అడుగు. ఎక్కగానే మధ్య తలుపు తాళం తీయమని స్టివార్డ్‌కి చెప్పు, అది వేసే ఉంటుంది.