బాపు సందుగలో దొరికిన క్రిస్మస్ ప్లేట్లు: నెట్‌లో పెట్టొచ్చా, వద్దా?

కాజీపేట జంక్షన్:
మా బాపు లోకో షెడ్‌లో పనిచేశాడు. ఆయన రేకు సందుగలో 43 రికార్డు ప్లేట్లు దొరికాయి. అమెరికా గాయకుడు జిమ్ రీవ్స్ 1963 క్రిస్మస్ ఎల్పీ (చాలా పాటలుండే పెద్ద ప్లేటు) ఉంది, అది ఎక్కడైనా దొరుకుతుంది కాబట్టి దాన్ని వదిలేయండి. అమెరికాలో గుడ్‌ఇయర్ టైర్ల కంపెనీ 1961 నుంచి ఏటా ఒక క్రిస్మస్ ఎల్పీ తెచ్చేది, అందులో ఒకటి కూడా ఉంది. టైర్ల కొట్లో అమ్మిన పాటల ప్లేటు కాజీపేట రైల్వే క్వార్టర్స్‌కు ఎట్లా చేరిందో బాపుకే తెలియాలి. అసలు సంగతి ఇంకోటి. ఏదో తెలుగు చర్చి బృందం పాడిన చిన్న 45 ప్లేటు (నిమిషానికి 45 చుట్లు తిరిగేది), అటొకటి ఇటొకటి రెండే పాటలు. కవర్ లేదు, లేబుల్ మీద సంవత్సరం లేదు. నెట్‌లో వారం వెతికినా ఆచూకీ లేదు. వీటిని కంప్యూటర్‌లోకి ఎక్కించి డిసెంబర్‌లో అందరికీ ఫ్రీగా పెడదామనుకున్నా. మా సంఘ పెద్ద ఒకాయన "పరాయి సొత్తు, ముట్టుకోకు" అన్నాడు. మీరేమంటారు?

హన్మకొండ చౌరస్తా:
పెట్టెయ్ అన్నా. దేవుని పాటకు కూడా హక్కులేంది? ఇప్పుడు మా గల్లీలో కేరల్స్‌కు వస్తే కీబోర్డ్, ప్యాడ్ మోత తప్ప గొంతు వినిపించదు. పాతవి ఎట్లుండేవో పిల్లలకు తెలవాలి.

నల్లకోటు:
పాతది వేరు, ఫ్రీ వేరు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రికార్డింగ్‌కు అది విడుదలైన మరుసటి జనవరి నుంచి 60 ఏళ్ల హక్కు. అంటే 1964లో వచ్చిన ప్లేటుకు 2024 డిసెంబర్ 31తో తీరిపోయింది. పాట రాసినవాళ్ల, బాణీ కట్టినవాళ్ల లెక్క వేరు. వాళ్లు పోయాక 60 ఏళ్లు. తెలుగు క్రైస్తవ కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌధురి 1890లో పోయారు, ఆయన కీర్తన ఎవరైనా పాడుకోవచ్చు. అదే కీర్తనను 1972లో ఎవరైనా ప్లేటుగా తెచ్చి ఉంటే, ఆ ప్లేటు మీద మాత్రం 2032 చివరిదాకా హక్కు ఉంటుంది. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. ఇక ఆ టైర్ల ఎల్పీ 1960లలోదైతే అమెరికాలో 2067 ఫిబ్రవరి దాకా గడువుంది.

హన్మకొండ చౌరస్తా:
2067 దాకా ఆ ప్లేటు ఉంటదా సార్? నా సంగతి చెప్తా. మామయ్య ఇంట్లో ఒక 78 ప్లేటు ఉండేది, తెలుగు క్రిస్మస్ పాటే. బూజు పట్టిందని నేనే స్పిరిట్ దూదితో తుడిచాను. దూది నల్లగా అయింది. మురికి పోతోందని సంబరపడి ఇంకా గట్టిగా రుద్దాను. ముల్లు పెడితే బుస్సుమని గాలి తప్ప పాట లేదు. అప్పటిదాకా ఒక్కరూ కాపీ తీయలేదు.

ముల్లు మార్చేవాడు:
78 ప్లేట్లు లక్కతో చేసేవారు తమ్మీ. లక్క స్పిరిట్‌లో కరుగుతుంది, లక్క గాజులను ముంచి చూడు, తెలుస్తుంది. వినైల్‌కు స్పిరిట్‌తో అంత భయం లేదు. ముల్లు కూడా ఒకటే కాదు. 78 గాడి వెడల్పుగా ఉంటుంది, దానికి 3 మిల్ (అంగుళంలో వెయ్యో వంతుకు మూడింతలు) ముల్లు కావాలి. ఎల్పీ ముల్లు పెడితే గాడి అడుగున దుమ్ములో దొర్లుతుంది, చిటపటలే వినిపిస్తాయి. ప్లేటు పాడైందని జనం తుక్కుకు వేసేస్తారు.
జంక్షన్ అన్నా, హక్కుల పంచాయితీకి ముందు నీ ప్లేటు ఏ ఏటిదో తేల్చు. చివరి గాడికి, లేబుల్‌కు నడుమ నున్నటి జాగా ఉంటుంది. గదిలో లైట్ ఆర్పి టార్చ్ ఏటవాలుగా పెట్టు. అంకెలు కనిపిస్తాయి. అదే కంపెనీవి, సంవత్సరం తెలిసిన ప్లేట్లతో పోల్చితే ఒకటి రెండేళ్ల తేడాతో దొరుకుతుంది.

మడికొండ అక్క:
అందరూ కంపెనీ గురించే మాట్లాడుతున్నారు. మా మేనత్త చిన్నప్పుడు మిషన్ హాస్టల్‌లో ఉండి ఇట్లాంటి ప్లేటులోనే పాడింది. రైలెక్కించి తీసుకెళ్లారట, పాడించి భోజనం పెట్టి పంపారట. లేబుల్ మీద "బృందం" అని ఒక్క మాట. పైసా ఇవ్వలేదు, ప్లేటు కూడా ఇవ్వలేదు. ఇప్పుడు మీరు ఫ్రీగా పెడితే వెయ్యి మంది వింటారు, సంతోషమే. కానీ పాడినవాళ్లు బతికుంటే ఒక మాట అడగరా? మళ్లీ పేరు లేకుండానేనా?

హన్మకొండ చౌరస్తా:
ఎవరని అడుగుతాం అక్కా? కంపెనీ మూతపడి ఉంటది, పాస్టర్ పోయి ఉంటాడు.

నల్లకోటు:
హక్కుదారు దొరకకపోతే లైసెన్స్‌కు దరఖాస్తు చేసుకునే దారి 31ఎ సెక్షన్‌లో ఉంది. ముందు పేపర్లో ప్రకటన వేయించాలి.

హన్మకొండ చౌరస్తా:
రెండు పాటలకు పేపర్ ప్రకటన! ఆ డబ్బులతో పండక్కి మా వాడకట్టు మొత్తానికి బిర్యానీ పెట్టొచ్చు.

కాజీపేట జంక్షన్:
టార్చ్ పెట్టి చూశా. అంకెలున్నాయి. చివరిది 3 అనిపిస్తుంది, మా బిడ్డ 8 అంటోంది. టైర్ల ఎల్పీ జోలికి పోను, నేనొక్కణ్నే వింటా. 45 ప్లేటులో రెండో వైపు సన్నటి గొంతు ఒకటి మిగతావాళ్లకంటే అర తాళం ముందే ఎత్తుకుంటుంది. అక్కా, ఆ ముక్క మీకు మెసేజ్‌లో పంపనా? మీ మేనత్తకు వినిపించండి.

మడికొండ అక్క:
పంపండి తమ్ముడూ. ఆమెకు చెవులు సరిగా వినబడవు, హెడ్‌ఫోన్స్ పెట్టాలి. ఆదివారం గుడి అయినంక పోతా.

నల్లకోటు:
ఆమె సరేనన్నా రికార్డింగ్ హక్కు ఆమెది అయిపోదు. ఇది గుర్తుపెట్టుకోండి.

మడికొండ అక్క:
గుర్తుంటది సార్. ముందు వినిపించనీయండి.