అప్‌డేట్: మా పిల్లి కొరికింది పీస్ లిల్లీ, ఇప్పుడు క్షేమం

మా పిల్లి కుండీలో లిల్లీ ఆకు కొరికి చొంగ కారుస్తోంది, ప్రమాదమా అని అడిగాను కదా. ఇప్పుడు మామూలుగా తింటోంది. మొక్క ఫొటో తీసుకుని వెంటనే పశువుల డాక్టర్ దగ్గరికి వెళ్లమన్న అందరికీ చాలా థాంక్స్.

డాక్టర్ గారు ఫొటో చూసి పీస్ లిల్లీ అన్నారు. అది చేమ కుటుంబం మొక్క. ఆకుల్లో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి, నోరు మండింది అందుకే. కిడ్నీలకు భయం లేదు.

అసలైన లిల్లీలు, డే లిల్లీలు అయితే వేరే సంగతి. ఒంటికంటిన పుప్పొడి నాకినా, ఆ పూలు పెట్టిన నీళ్లు తాగినా పిల్లి కిడ్నీలు పాడవుతాయి. లక్షణాలు కనిపించేదాకా ఆగకూడదు. బొకేల్లో వచ్చే ఓరియంటల్, ఏషియాటిక్ లిల్లీలు ఈ రకమే. అవి మా ఇంటికి తేవద్దని చుట్టాలందరికీ చెప్పేశాను.