రెండు అల్ట్రా 60లు, వారానికి 30 జీబీ: గిగాబిట్ కార్డులు కొనాలా, ఉన్న 100 మెగాబిట్‌తోనే లాక్కురావాలా?

పాతఇనుము (విజయవాడ)
ఆటోనగర్‌లో తూకానికి పోబోతుంటే రెండు సన్ అల్ట్రా 60లు (సన్ కంపెనీ పాత వర్క్‌స్టేషన్ కంప్యూటర్లు) పట్టుకొచ్చాను. రెండూ 360 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, సొలారిస్ 8 ఆపరేటింగ్ సిస్టమ్. వారానికోసారి 30 జీబీ స్కాన్ ఫైళ్లు ఒకదాన్నుంచి రెండోదానికి పంపాలి. పాత నెట్‌వర్క్ స్విచ్ మీదుగా ఎస్‌సీపీతో (ఫైళ్లు కాపీ చేసే కమాండ్) పంపుతుంటే సెకనుకు 2 ఎంబీ దాటట్లేదు, నాలుగు గంటలు పైనే. గిగాబిట్ కార్డుల జత రేటు వింటే గుండె గుభేల్‌మంది. కొనమంటారా?

మిర్చియార్డు (గుంటూరు)
కళ్లు మూసుకుని కొనండి. నేనూ ఇదే మోడల్లో వేశాను, 25 ఎంబీ దాకా లాగుతోంది. 100 మెగాబిట్ అంటే బైటుకి 8 బిట్ల లెక్కప్రకారమే 12.5 ఎంబీ. అంతకుమించి తలకిందులుగా తపస్సు చేసినా రాదు.

గవర్నర్‌పేట
ఆగండాగండి. 100 మీద మామూలుగా 11 రావాలి, ఆయనకి వస్తున్నది 2. అంటే కేబుల్ ఖాళీగా కూర్చుంది. అత్త మీద కోపం దుత్త మీద చూపిస్తే ఎలా? ఎస్‌సీపీ ప్రతి బైటునీ ఎన్‌క్రిప్ట్ చేస్తుంది (ఎవరూ చదవకుండా రహస్య సంకేతంగా మారుస్తుంది). అందులో ట్రిపుల్ డెస్ అనే బరువైన ఎన్‌క్రిప్షన్ పద్ధతి అయితే ఆ ప్రాసెసర్‌కి ఊపిరాడదు. ఫైళ్లు పోతున్నప్పుడు పీఆర్‌స్టాట్ కమాండ్ పెట్టి చూడండి, ఎస్‌సీపీ వెనకున్న ఎస్‌ఎస్‌హెచ్ ప్రోగ్రాం ప్రాసెసర్‌ని ఎంత తింటోందో తెలుస్తుంది. స్విచ్ తీసేసి క్రాసోవర్ కేబుల్ (ఒక కొసన 1-3, 2-6 మార్చి క్రింప్ చేసింది) నేరుగా వేసి, ఎఫ్‌టీపీ వాడండి, అది ఫైళ్లని ఎన్‌క్రిప్ట్ చేయకుండానే పంపుతుంది. మీ గదిలో ఆ కేబుల్ మీద కన్నేసేది బల్లి ఒక్కటే.

ఇంకోటి, డ్యూప్లెక్స్: డేటా ఒకేసారి రెండువైపులా నడుస్తుందా (ఫుల్), వంతులవారీగానా (హాఫ్) అన్నది. ఒకవైపు ఫుల్ అని బిగించేసి రెండోవైపు ఆటోలో (అవతలివైపుతో మాట్లాడి తనే తేల్చుకునే మోడ్) వదిలేస్తే ఆ రెండోది హాఫ్‌లో పడుతుంది. లింకు లైటు బాగానే వెలుగుతుంది, స్పీడు మాత్రం ఏడుస్తుంది. ఎన్‌డీడీ కమాండ్‌తో హెచ్‌ఎంఈ (ఆ మెషీన్ నెట్‌వర్క్ పోర్టు) లింక్ మోడ్ అడగండి: 1 అంటే ఫుల్, 0 అంటే హాఫ్.

కృష్ణలంక
ఇంత రామాయణం దేనికండీ? అల్ట్రా 60లో స్కజీ డిస్కు ట్రేలోంచి ఊడొస్తుంది. మెషీన్ ఆపి, పీకి, రెండోదాంట్లో గుచ్చి, రీడ్ ఓన్లీగా మౌంట్ చేసుకుంటే పోయె.

పాతఇనుము
ఒక్కసారికైతే అదే చేసేవాణ్ణి తమ్ముడూ. వారం వారం పీకితే ఆ 80 పిన్నుల కనెక్టర్ నాకంటే ముందు పోతుంది.

మిర్చియార్డు
గవర్నర్‌పేట గారూ, ఎఫ్‌టీపీకి మారినా గిగాబిట్ గిగాబిటే కదా?

గవర్నర్‌పేట
టీసీపీకి (ఎఫ్‌టీపీ, ఎస్‌సీపీ రెండూ దాని మీదే నడుస్తాయి) పాత మోటు లెక్క ఒకటుంది: సెకనుకు 1 బిట్ నడపాలంటే ప్రాసెసర్‌లో 1 హెర్ట్జ్ కావాలి. 360 మెగాహెర్ట్జ్‌తో గిగాబిట్ ఎలా నిండుతుంది? దానికి తోడు ఆనాటి డిస్కు. మీకు 25 దగ్గర ఆగింది అందుకే. గిగాబిట్ డబ్బు పెట్టి పావు గిగాబిట్ కూడా తెచ్చుకోలేదు మీరు.

పాతఇనుము
రాత్రి కూర్చున్నాను. పాత ఓనరెవరో ఒకదాన్ని ఫుల్‌లో బిగించి వదిలేశాడు, కేబుల్ నేరుగా వేసి చూస్తే రెండోది 0 చూపించింది. రెండూ ఆటోకి తెచ్చి ఎఫ్‌టీపీ పెట్టాను. సెకనుకు 10.8 ఎంబీ, మొత్తం 46 నిమిషాలు. ఖర్చల్లా రెండు ఆర్‌జే 45 కనెక్టర్లు.

మిర్చియార్డు
నాకైతే 20 నిమిషాల్లో అయిపోతుంది.

గవర్నర్‌పేట
ఆ 26 నిమిషాలు ఎంతకి కొన్నారో కూడా చెప్పండి మరి.