హన్మకొండ స్కూల్‌కి ఒక ఎయిర్ పిస్టల్, ఒక ఎయిర్ రైఫిల్: రెండున్నర లక్షల్లో ఏవి కొనాలి?

పీఈటీ_హన్మకొండ

అందరికీ నమస్కారం. 8 నుంచి 10 తరగతి పిల్లలు పది మందితో పది మీటర్ల షూటింగ్ మొదలుపెట్టడానికి మా మేనేజ్‌మెంట్ ఒప్పుకుంది. పాత సైకిల్ షెడ్డు ఇచ్చారు, లోపల పొడవు 14 మీటర్లు. డబ్బు మొత్తం రెండున్నర లక్షలు. ఒక పిస్టల్, ఒక రైఫిల్ అందులోనే రావాలి. ఇక్కడి షాపుల్లో దొరికే స్ప్రింగు రైఫిల్ చాలా చవక. ఆన్‌లైన్‌లో పోటీలకి వాడే మ్యాచ్ గన్ చూస్తే ఒక్కటే బడ్జెట్ మింగేసేలా ఉంది. సగం సగం పంచి రెండూ మధ్యరకంవి తీసుకోవాలా? లైసెన్స్ కావాలా? పిల్లల్లో ఇద్దరిది ఎడమచేతి వాటం.

కాకతీయ_పదిమీటర్లు

సార్, ముందు లైసెన్స్ సంగతి. 0.177 అంగుళాల బోరు (గొట్టం లోపలి వెడల్పు, 4.5 మి.మీ.) దాటకుండా, శక్తి 20 జౌళ్ళ లోపు ఉండే ఎయిర్ గన్‌కి లైసెన్స్ అక్కర్లేదు. మ్యాచ్ రైఫిల్ 0.53 గ్రాముల చిన్న సీసపు గుండు, అంటే పెల్లెట్‌ని సెకనుకు సుమారు 170 మీటర్ల వేగంతో వదులుతుంది, లెక్క కడితే ఏడున్నర జౌళ్ళు. పిస్టల్‌ది ఇంకా తక్కువ. బోరు, శక్తి రెండూ బిల్లు మీద రాయించుకుని బిల్లు స్కూల్ పేరు మీదే తీసుకోండి. 0.22 ఎయిర్ గన్ అంటగట్టబోతే వద్దనండి. అది లైసెన్స్ కిందికి వస్తుంది, పైగా పది మీటర్ల పోటీలో పనికిరాదు.

సగం సగం పంచడం మాత్రం నాకు నచ్చలేదు. రైఫిల్ ధర రైఫిల్‌తో ఆగదు. జాకెట్, గ్లవ్, వీలైతే ప్యాంటు, బూట్లు, స్టాండ్ అన్నీ వెంట వస్తాయి. పిస్టల్‌కి చదునైన అడుగున్న బూట్లు ఉంటే చాలు, మర్నాడే మొదలుపెట్టొచ్చు. కాబట్టి కొత్త పిస్టల్ ఒకటి, మంచి సెకండ్‌హ్యాండ్ మ్యాచ్ రైఫిల్ ఒకటి తీసుకుని, 60–70 వేలు గాలికి, పెల్లెట్లకి, జాకెట్లకి పక్కన పెట్టండి. ఈ డబ్బు ముట్టుకుంటే రెండో నెలకి గన్‌లు అల్మారాలో ఉంటాయి, పిల్లలు గ్రౌండ్‌లో ఉంటారు.

పెల్లెట్ల లెక్క చూడండి. పది మంది, రోజుకు తలా 40, వారానికి ఐదు రోజులు: 2000. డబ్బాకి 500 చొప్పున వారానికి నాలుగు డబ్బాలు. అందుకే సగం ప్రాక్టీసు, పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ నొక్కే డ్రై ఫైర్‌తో నడపాలి. స్ప్రింగు రైఫిల్ వద్దనడానికి మొదటి కారణం ఇదే. పెల్లెట్ లేకుండా దాన్ని పేలిస్తే పిస్టన్ ముందు గాలి ఒత్తిడి నిలవదు, పిస్టన్ నేరుగా వెళ్ళి గుద్దుకుంటుంది, సీల్ పోతుంది. రెండో కారణం కుదుపు. పెల్లెట్ గొట్టం దాటకముందే స్ప్రింగు కదిలి గన్‌ని కదిలిస్తుంది. పట్టు కొంచెం మారినా టార్గెట్ మీద రంధ్రాల గుంపు జరిగిపోతుంది. తప్పు పిల్లవాడిదో గన్‌దో మీకు తెలియదు. సిలిండర్ గాలితో నడిచే పీసీపీ తీసుకోండి. మ్యాచ్ గన్‌లలో ట్రిగ్గర్‌ని డ్రై ఫైర్‌కి మార్చుకునే ఏర్పాటు ఉంటుంది.

పిస్టల్ విషయంలో బరువు చూడండి. నియమం ప్రకారం 1500 గ్రాముల దాకా ఉండొచ్చు, కానీ పదమూడేళ్ళ మణికట్టుకి 900 గ్రాముల దగ్గర ఉన్నదే నయం. హేమర్లీ ఏపీ20 ఆ తరగతిది, మొదటి పిస్టల్‌గా సరిపోతుంది. స్టేయర్, మోరిని, పార్దీని మంచివే, మీ బడ్జెట్‌లో పెట్టకండి. ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్ జోలికీ పోవద్దు. టోక్యో ఒలింపిక్స్‌లో మను భాకర్ పిస్టలే మ్యాచ్ మధ్యలో మొరాయించింది. ఆ స్థాయిలో చూసుకునే మనుషులు పక్కన ఉంటారు, మన షెడ్డులో ఉండరు.

ఎడమచేతి వాటానికి పిస్టల్ మార్చక్కర్లేదు. గ్రిప్ విడిగా దొరుకుతుంది, ఆలెన్ స్క్రూతో పది నిమిషాల పని. కుడి మీడియం, ఎడమ స్మాల్ కలిపి ఆర్డర్ చేయండి. రైఫిల్‌కి రెండు వైపులా పనికొచ్చే స్టాక్, ఎత్తు మారే చెంప పలక, భుజానికి ఆనే, పొడవు మారే బట్ ఉండాలి. ఇవి మూడూ లేని రైఫిల్‌ని పది మంది పంచుకోలేరు.

ఓరింగ్_కాజీపేట

పై అన్న చెప్పింది సరే గానీ, సెకండ్‌హ్యాండ్ అంటే ఏం చూడాల్నో చెప్పలేదు. గన్ కన్నా ముందుగాల సిలిండర్ చూడున్రి సార్. దాని మీద తయారైన నెల, సంవత్సరం కొట్టి ఉంటది. చాలా యూరప్ కంపెనీల సిలిండర్లు తయారైన తేదీ నుంచి పదేండ్లే వాడాలె. తేదీ దాటిన సిలిండర్‌తోని వచ్చిన రైఫిల్ "చవక" కాదు, కొత్త సిలిండర్ ధర కలిపి లెక్క కట్టున్రి. తేదీ గీకేసి ఉంటే ముట్టుకోకున్రి.

గాలి ఒత్తిడి 200 బార్ దాకా నింపి రాత్రంతా పక్కన పెట్టున్రి. పొద్దున గేజ్ ముల్లు దిగితే ఎక్కడ్నో కారుతున్నట్టు. పెల్లెట్ పెట్టే చోటు (బ్రీచ్) దగ్గర కారుతుందా లేదా అన్నది సులువుగ తెలుస్తది: పెల్లెట్ పెట్టి మూసి, పైన సన్నటి టిష్యూ ముక్క ఉంచి పేల్చున్రి. ముక్క ఎగిరితే బ్రీచ్ రబ్బరు రింగ్ (ఓ-రింగ్) పోయినట్టే. రింగ్‌ది ఏం ఖర్చు లేదు, గదే పేరు చెప్పి బేరమాడొచ్చు. తర్వాత ఇసుక సంచి మీద పెట్టి ఐదు పెల్లెట్లు. పది మీటర్ల నుంచి ఐదూ ఒకే చిన్న తొర్రలకు పోవాలె. రెండు వేర్వేరు తొర్రలు కనబడితే పెల్లెట్ బ్రాండ్ మార్చి మల్ల చూడున్రి, అప్పటికీ గంతే ఉంటే వదిలేయున్రి. పిస్టల్ పాతది తీసుకుంటే ట్రిగ్గర్‌కు 500 గ్రాముల తూకం రాయి తగిలించి నిలువుగ పైకి లేపున్రి. ట్రిగ్గర్ ఆగాలె. ఆగకుంటే పోటీల ఎక్విప్‌మెంట్ కంట్రోల్ దగ్గర్నే ఆపేస్తరు.

ఇంకోటి, ఇది ప్రాణం మీది ముచ్చట. గాలి ఎక్కడ నింపుడు అన్నప్పుడు ఎవడో ఒకడు "వెల్డింగ్ షాపుల ఆక్సిజన్ ఉన్నది కదా, గదే కొట్టిద్దాం" అంటడు. అస్సలు వద్దు. ఎక్కువ ఒత్తిడిల ఆక్సిజన్‌కు గ్రీజు, రబ్బరు తగిలితే అగ్గిపుల్ల అక్కర్లేకుంటనే అంటుకుంటది. సిలిండర్ చేతుల్నే పేలుతది. మామూలు గాలి మాత్రమే. మిషన్ ఆయిల్, కొబ్బరినూనె కూడా పెట్టకున్రి, ఓ-రింగ్‌లకు సిలికాన్ గ్రీజు బియ్యపు గింజంత చాలు.

రామప్ప_పీప్‌సైట్

నాది వేరే మాట. పది మందికి రెండు గన్‌లు అంటే ఎప్పుడూ ఎనిమిది మంది ఖాళీగా నిలబడతారు. ఈ ఏడాది పిస్టల్ ఒక్కటే కొని, మిగిలిన డబ్బుతో షెడ్డు సరిచేసి, రైఫిల్ వచ్చే ఏడాది తీసుకోండి. రైఫిల్ జాకెట్ పిల్లల పక్కటెముకలకి అంటి ఉండాలి. తొమ్మిదో తరగతిలో కొన్నది పదికి బిగుతైపోతుంది. స్కూల్ డబ్బుతో జాకెట్లు కొనడం అంటే ఏటా యూనిఫాం కుట్టించినట్టే.

పైగా స్కూల్ పోటీల్లో ఓపెన్ సైట్ (తెరిచిన గాడిలోంచి గురి చూసేది) రైఫిల్, పీప్ సైట్ (చిన్న రంధ్రంలోంచి గురి చూసేది) రైఫిల్ వేర్వేరు ఈవెంట్లు. మీ పిల్లలు ఏది ఆడతారో సర్క్యులర్ చూసుకోకుండా రైఫిల్ కొంటే సైట్ మళ్ళీ విడిగా కొనాల్సి వస్తుంది.

పీఈటీ_హన్మకొండ

ధన్యవాదాలు. మేనేజ్‌మెంట్ రెండూ ఉండాలంటోంది, అది మారదు. హ్యాండ్ పంప్‌తో నడుస్తుందా? షెడ్డులో టార్గెట్ వెనక ఏం పెట్టాలి?

కాకతీయ_పదిమీటర్లు

రామప్ప గారి జాకెట్ మాట నిజమే. దానికి దారి ఉంది. మొదటి రెండు మూడు నెలలు రైఫిల్‌ని ఆసరా మీద పెట్టి కొట్టించండి, సైట్ చూడటం, ట్రిగ్గర్ నొక్కడం అక్కడే వస్తాయి. ఆ తర్వాత పాత జాకెట్లు రెండు సైజుల్లో తీసుకోండి. బట్ట మందం 2.5 మి.మీ. దాటకూడదు, పాతవాటికి అదనపు పొరలు కుట్టి ఉంటాయి, చూసుకోండి.

హ్యాండ్ పంప్‌తో మొదలుపెట్టొచ్చు. నిండు సిలిండర్‌కి పిస్టల్ 100–150 షాట్లు, రైఫిల్ 200 పైన ఇస్తుంది. అంటే రోజూ పిస్టల్‌ది ఒకసారైనా నింపాలి. ఖాళీ అయ్యేదాకా ఆగకండి. గేజ్ 80 బార్ దగ్గరికి రాగానే నింపితే పంపు కొట్టుడు తక్కువ, షాట్లు కిందికి జారవు. ఒక్కసారే కొట్టేయకుండా యాభై కొట్టి ఆపి, పంపు చల్లారాక మళ్ళీ మొదలుపెట్టండి. వేడెక్కితే పంపు సీళ్ళు పోతాయి. మన దగ్గర వానాకాలం గాలిలో తేమ ఎక్కువ, నొక్కినప్పుడు అది నీళ్ళై సిలిండర్‌లోకి పోతుంది. కాబట్టి తేమ పట్టే ఫిల్టర్ ఉన్న పంపే కొనండి, ఆపిన ప్రతిసారీ లోపలి గాలి, తేమ వదిలే బ్లీడ్ స్క్రూ విప్పండి. ఎండాకాలం నిండు సిలిండర్‌ని రేకు షెడ్డులో వదలొద్దు, ఆఫీసు గదిలో పెట్టండి. కొనేటప్పుడే పిస్టల్, రైఫిల్ సిలిండర్లకి పంపు గొట్టం మర సరిపోతుందో అడగండి. కంపెనీ మారితే మర మారుతుంది, అడాప్టర్ విడిగా కొనాలి.

ఓరింగ్_కాజీపేట

టార్గెట్ వెనుకకు 3 మి.మీ. ఇనుప రేకుతోని డబ్బా చేయించున్రి. లోపలి రేకు పై అంచు ముందలికి, కింది అంచు వెనక్కు ఉండేటట్టు 45 డిగ్రీలు వాలి ఉండాలె, పెల్లెట్ కొట్టుకుని కిందున్న ట్రేల పడతది. రేకు నిటారుగ పెడితే సీసం ముక్కలు ముందలికి ఎగిరొస్తయి. స్టీలు గుండ్లు అస్సలు వాడనీయకున్రి, అవి గొట్టాన్ని గీకుతయి, గోడకు తగిలి వాపస్ వస్తయి. చదునైన తల పెల్లెట్లే కొనున్రి, పేపర్ల తొర్ర గుండ్రంగ పడతది, స్కోరు కొట్లాట ఉండది.

టార్గెట్ నడుమ నేల నుంచి 1.4 మీటర్ల ఎత్తు. టార్గెట్ మీద వెలుతురు 1500 లక్స్‌కు తగ్గొద్దు, ఎల్ఈడీ పిల్లల కండ్లల్ల పడకుండ ముందు అట్ట అడ్డం పెట్టున్రి. షెడ్డు పక్కలు తెరిచి ఉంటే రేకులతోని మూసి, లైన్ దాటి ముందలికి పోయే తలుపుకు లోపలి నుంచి గడియ పెట్టున్రి. అందరికీ కండ్లద్దాలు. కొట్టనప్పుడు గొట్టంల ఖాళీగ ఉన్నదని చూపే సేఫ్టీ దారం కనబడాలె, గన్ ఎవరి చేతుల ఉన్నా సరే.

ట్రేల సీసం ఊడ్చేటప్పుడు పొడి చీపురు వద్దు, దుమ్ము లేస్తది. తడి గుడ్డతోని తుడవాలె. పిల్లలు సబ్బుతోని చేతులు కడుక్కున్నాకనే టిఫిన్ డబ్బా తెరవాలె.