రష్యా–ఇరాన్ ఒప్పందంలో పరస్పర రక్షణ నిబంధనను వద్దన్నది ఎవరు?

2025 జనవరి 17న మాస్కోలో రష్యా అధ్యక్షుడు పుతిన్, ఇరాన్ అధ్యక్షుడు పెజెష్కియాన్ సంతకాలు చేసిన సమగ్ర వ్యూహాత్మక భాగస్వామ్య ఒప్పందం మీద వ్యాసం రాస్తూ ఒక్క చోట ఆగిపోయాను. మూడో అధికరణం ప్రకారం ఒక దేశంపై దాడి జరిగితే రెండోది దురాక్రమణదారుకు సాయపడకూడదు. అంతేగాని, దాడికి గురైన దేశం తరఫున యుద్ధంలోకి దిగాలని అందులో లేదు. అంతకు ఏడు నెలల ముందు, 2024 జూన్ 19న, ఉత్తర కొరియాతో చేసుకున్న ఒప్పందంలోని నాలుగో అధికరణంలో మాత్రం రష్యా సైనిక సహాయానికి మాట ఇచ్చింది.

కారణం కోసం రెండు ఒప్పందాలనూ పక్కపక్కన పెట్టుకుని అధికరణాలవారీగా చదివాను, ఫలితం లేకపోయింది. ఇరానే వెనుకాడిందనుకోవడానికి ఆస్కారముంది: దాని రాజ్యాంగంలోని 146వ అధికరణం విదేశీ సైనిక స్థావరాలను నిషేధిస్తుంది; 2016 ఆగస్టులో ఇరాన్‌లోని హమదాన్ వైమానిక స్థావరం నుంచి రష్యా బాంబర్లు సిరియా మీదికి ఎగిరిన సంగతి బయటికి రాగానే టెహ్రాన్‌లో నిరసన రేగి, వారం తిరక్కుండానే ఆ ఏర్పాటు ఆగిపోయింది. ఇజ్రాయెల్‌తోనూ గల్ఫ్ దేశాలతోనూ సంబంధాలు చెడకూడదని రష్యాయే తప్పుకుందన్న వాదన కూడా నాకు అంతే బలంగా తోస్తోంది. ఇంత ముఖ్యమైన విషయాన్ని ఊహకు వదిలి వ్యాసం ముగించడం నాకు ఇష్టం లేదు.

చర్చల కాలంలో ఈ నిబంధనను ఏ పక్షం వద్దన్నదో స్పష్టంగా చెప్పే అధికారిక ప్రకటన గాని, చర్చల్లో పాల్గొన్నవారి మాట గాని మీలో ఎవరికైనా తెలుసా?