కుళాయి నీటి ధరలో కర్బన వ్యయాన్ని కలపడం సమంజసమేనా?

ప్రశ్న (ఒంగోలు నివాసి):
సాగర్ కుడి కాలువ నీరు మన వైపుకు పల్లానికి పారి వస్తుంది గానీ, ఆ నీటిని సమ్మర్ స్టోరేజ్ ట్యాంకు నుంచి ఫిల్టర్లకు, అక్కడి నుంచి ఓవర్‌హెడ్ ట్యాంకులకు ఎక్కించేది మోటార్లే. మోటార్లకు అందే కరెంటులో సగానికి పైగా బొగ్గు నుంచి వస్తుంది. ఆ బొగ్గు పొగలోని కార్బన్ డయాక్సైడ్‌కు వెల కట్టి, ఈ కర్బన భారాన్ని నీటి పన్నులో చేర్చాలని ఒక మిత్రుడు గట్టిగా వాదిస్తున్నారు. రోజు విడిచి రోజు కుళాయి వచ్చే ఇళ్ల మీద ఈ బరువు ఎంత పడుతుంది?

జవాబు 1 (పంపుల నిర్వహణలో పనిచేసినవాడిని):
లెక్క కట్టి చూద్దాం. వెయ్యి లీటర్లను మొత్తం 60 మీటర్ల ఎత్తుకు, 60 శాతం సామర్థ్యం గల పంపుతో ఎక్కించడానికి సుమారు 0.27 యూనిట్లు కావాలి. యూనిట్‌కు దాదాపు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ చొప్పున అది 190 గ్రాములు. మనిషికి రోజుకు 135 లీటర్ల ప్రమాణం ప్రకారం నలుగురున్న ఇంటికి నెలకు 16 కిలోలీటర్లు, అంటే మూడు కిలోల కార్బన్ డయాక్సైడ్. టన్నుకు రెండు వేల రూపాయల రుసుము అనుకున్నా నెలకు ఆరు రూపాయలే. మీటరు లేకుండా కుళాయికి ఇంతని వసూలు చేసే చోట ఈ ఆరు రూపాయల వల్ల ఎవరూ చెంబెడు నీళ్లు కూడా తగ్గించరు. పైగా పైపుల్లో మూడో వంతు కారిపోతే, ఇంటికి చేరిన ప్రతి లీటరు మీదా ఒకటిన్నర రెట్ల కరెంటు ఖర్చయినట్టు. ఆ తప్పు వాడుకునేవారిది కాదు.

జవాబు 2 (నెల్లూరు):
పై లెక్కతో ఏకీభవిస్తున్నాను, కానీ నన్ను కలవరపెడుతున్నది వేరే విషయం. కుళాయి ధర పెరిగితే స్తోమత ఉన్నవారు సొంత బోరు వైపు మళ్లుతారు. 80 మీటర్ల లోతు నుంచి 35 శాతం సామర్థ్యంతో తోడే చిన్న సబ్‌మెర్సిబుల్ మోటారు కిలోలీటరుకు 0.6 యూనిట్లకు పైగా తీసుకుంటుంది, అంటే కర్బనం రెట్టింపు దాటుతుంది. ట్యాంకరు సంగతి ఇంకా దారుణం: ఐదు వేల లీటర్లు తేవడానికి రెండు లీటర్ల డీజిల్ కాలితే, బోరు మోటారును పక్కన పెట్టినా కిలోలీటరుకు కార్బన్ డయాక్సైడ్ కిలో దాటుతుంది. వీటిలో ఏదీ మున్సిపల్ బిల్లులో కనిపించదు. అన్నిటికంటే తక్కువ కర్బనంతో వచ్చే నీటి మీదే రుసుము వేయడం నాకు అన్యాయంగా తోస్తుంది.

ప్రశ్నించిన వ్యక్తి:
ఇద్దరికీ కృతజ్ఞతలు. అయితే ముందుగా హోటళ్లు, అపార్ట్‌మెంట్ల వంటి పెద్ద కనెక్షన్లకు మీటర్లు పెట్టి, ఆ రుసుమును వారి దగ్గరే తీసుకుని, వచ్చిన డబ్బును లీకేజీల మరమ్మతుకు, పాత పంపుల మార్పుకు మాత్రమే కేటాయించాలని మా వార్డు సమావేశంలో అడుగుతాను.

జవాబు 1:
అడగండి. దానితోపాటు ప్రతి పంపు హౌసులో నెలకు ఎన్ని యూనిట్లు కాలాయో, ఎన్ని కిలోలీటర్లు బయటికి వెళ్లాయో రెండూ పక్కపక్కనే బోర్డు మీద రాయించమని కోరండి.