కామాక్స్ లోయది ‘సెంటిమెంట్’ సీటా, చీలిన ఓట్ల చలవా?

ద్వీపవాసి:

కెనడాలోని వాంకూవర్ ద్వీపం తూర్పు తీరంలోని కామాక్స్ లోయ గురించి ఈ చర్చ. బ్రిటిష్ కొలంబియా శాసనసభకు ఇక్కడ ఏ పార్టీ గెలిస్తే రాజధాని విక్టోరియాలో అదే పార్టీ గద్దెనెక్కుతుందన్న నమ్మకం చాలాకాలం నిలిచింది. ఉంగుటూరు గురించి మన పత్రికలు రాసే మాటే ఇది. ఆధారం లేకపోలేదు. 1991, 1996 ఎన్నికల్లో ఎడమవైపు మొగ్గే న్యూ డెమొక్రాటిక్ పార్టీ (ఎన్‌డీపీ), ఆ తర్వాత వరుసగా నాలుగుసార్లు లిబరల్స్, 2017, 2020లో మళ్లీ ఎన్‌డీపీ. మొత్తం ఎనిమిది ఎన్నికల్లో ఎనిమిదిసార్లూ ఇక్కడ గెలిచిన పార్టీకే అధికారం దక్కింది. 2017 వరకు సీటు పేరు కామాక్స్ వ్యాలీ, ఆ ఎన్నికతో కోర్ట్నీ-కామాక్స్ అయింది. 2024లో కన్సర్వేటివ్ అభ్యర్థి బ్రెనన్ డే గెలిచారు, ప్రభుత్వం మాత్రం ఎన్‌డీపీదే. వరుస అక్కడ తెగింది.

ఇక్కడి ఓటర్లు ప్రావిన్సు నాడి పట్టగలరని ఒక వాదన. నాడీ లేదు, ఏమీ లేదు, ఎదుటి పక్షం ఓట్లు రెండుగా చీలినప్పుడు మిగిలినవాళ్లు గెలిచారంతే అని మరో వాదన. నేను మొదటి పక్షం. సైనిక స్థావరం, విశ్రాంత ఉద్యోగులు, రైతులు, మౌంట్ వాషింగ్టన్ మీది పర్యాటకం, అన్నీ ఉన్న లోయ ఇది. ఒకే వర్గం ఆధిపత్యం లేదు కాబట్టే జనం మనసు మారితే సీటు మారుతుంది. కాదనేవారు కారణం చెప్పండి.

పాత పత్రికల పిచ్చి:

కాదంటాను. కారణం మీ జాబితాలోనే ఉంది, పార్టీల పేర్ల వెనుక ఏం జరిగిందో చూడండి చాలు.

1991లో, అప్పటిదాకా అధికారంలో ఉన్న కుడిపక్ష సోషల్ క్రెడిట్ పార్టీ కుప్పకూలింది. ఎన్‌డీపీని వద్దనుకున్నవాళ్లలో కొందరు పాత పార్టీతోనే ఉండిపోయారు, ఎక్కువమంది లిబరల్స్ వైపు వెళ్లారు. 75 సీట్లలో ఎన్‌డీపీకి 51, లిబరల్స్‌కు 17, సోషల్ క్రెడిట్‌కు 7. ఇన్ని సీట్లు వచ్చినా ఎన్‌డీపీ ఓట్లు 41 శాతానికి మించలేదు. 1996 ఇంకా విచిత్రం. లిబరల్స్‌కు దాదాపు 42 శాతం, ఎన్‌డీపీకి 39.5 శాతం. ఓట్లలో వెనకబడ్డ ఎన్‌డీపీయే 39 సీట్లతో ప్రభుత్వం ఏర్పాటు చేసింది. కుడివైపే ఉన్న రిఫార్మ్ పార్టీ చీల్చిన ఓట్లు దానికి కలిసొచ్చాయి. కామాక్స్ వ్యాలీలో మార్గరెట్ లార్డ్, ఆ తర్వాత ఎవలిన్ గిలెస్పీ ఎన్‌డీపీ తరఫున గెలిచింది ఈ రెండు ఎన్నికల్లోనే.

2001 నాటికి కుడిపక్షమంతా లిబరల్ గొడుగు కిందికి చేరింది. 79 సీట్లలో 77 వాళ్లవే. లోయలో గెలిచిన స్టాన్ హేగెన్ ఎవరనుకుంటున్నారు? పాత కామాక్స్ సీటు నుంచి 1986లో సోషల్ క్రెడిట్ తరఫున గెలిచి మంత్రి అయిన మనిషే. ఆయనను ఓడించి పంపిన లోయ పదేళ్లకు కొత్త పార్టీ జెండాతో వెనక్కి పిలిచింది. ఓటరు మనసు మారిందనుకోవాలా, ఓటు పాత చోటికే తిరిగొచ్చిందనుకోవాలా?

కొత్తవారికి ఒక మాట: బ్రిటిష్ కొలంబియా లిబరల్స్ పేరుకే లిబరల్స్, ఒట్టావాలోని పార్టీతో వాళ్లకు సంబంధం లేదు. మార్కెట్ అనుకూల కుడి, మధ్యేవాద ఓట్ల కూటమి అది.

లెక్కల మాస్టారు:

ఇద్దరూ 2017 దాటేసి వెళ్లిపోయారు. అసలు పరీక్ష అక్కడుంది.

ఆ ఏడాది మే 9 రాత్రి లెక్కింపు ముగిసేసరికి 87 సీట్ల సభలో లిబరల్స్ 43, ఎన్‌డీపీ 41, గ్రీన్ పార్టీ 3. మెజారిటీకి 44 కావాలి. కోర్ట్నీ-కామాక్స్‌లో ఎన్‌డీపీ అభ్యర్థి రోనా-రే లియొనార్డ్ ఆధిక్యం 9 ఓట్లు. అవును, తొమ్మిదే. ఆ సీటు లిబరల్స్ వైపు తిరిగితే వాళ్ల ముఖ్యమంత్రి క్రిస్టీ క్లార్క్‌కు సొంత మెజారిటీ వచ్చినట్టే. మళ్లీ లెక్కపెడితే ఆధిక్యం 13కు చేరింది. తమ పోలింగ్ కేంద్రంలో కాకుండా వేరే చోట వేసిన ఓట్లు ప్రావిన్సు మొత్తం మీద లక్షా డెబ్భై వేలకు పైగా ఉన్నాయి. వాటి లెక్క రెండు వారాల తర్వాతే తేలింది. లిబరల్ అభ్యర్థి జిమ్ బెనింజర్ కామాక్స్ వైమానిక స్థావరానికి మాజీ కమాండర్. బయట వేసిన ఓట్లలో సైనికులవి ఉంటాయి కాబట్టి ఆయనకే కలిసొస్తాయని చాలామంది లెక్కలు వేశారు. పెట్టెలు తెరిస్తే జరిగింది వేరు: ఎన్‌డీపీ ఆధిక్యం 189కి పెరిగింది.

తుది లెక్క: లియొనార్డ్ 10,886, బెనింజర్ 10,697, గ్రీన్ అభ్యర్థి 5,351, కన్సర్వేటివ్ అభ్యర్థి 2,201.

95 మంది ఎన్‌డీపీ ఓటర్లు లిబరల్స్ వైపు మళ్లి ఉంటే చరిత్ర వేరేగా ఉండేది. వాళ్లు మళ్లలేదు కాబట్టి ఎన్‌డీపీ, గ్రీన్ పార్టీలు ఒప్పందం కుదుర్చుకున్నాయి. జూన్ 29న క్లార్క్ 44-42తో విశ్వాసం కోల్పోయారు. సభను రద్దు చేయమని ఆమె అడిగినా లెఫ్టినెంట్ గవర్నర్ జుడిత్ గుయిషాన్ ఒప్పుకోలేదు. జూలై 18న ఎన్‌డీపీ నాయకుడు జాన్ హొర్గన్ ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు.

ఇప్పుడు చీలిక సంగతి. ఆ ఏడాది కన్సర్వేటివ్ పార్టీ ప్రావిన్సులో పట్టుమని పది చోట్ల పోటీ చేస్తే అందులో ఇదొకటి. ఆ 2,201 ఓట్లే లిబరల్స్‌ను ముంచాయని అప్పట్లో గోల. మరి అవతల 5,351 గ్రీన్ ఓట్లు ఎవరి ఖాతాలోంచి పోయాయి? కుడి ఎడమలుగా కూడితే ఎన్‌డీపీ, గ్రీన్‌లకు 16,237, లిబరల్, కన్సర్వేటివ్‌లకు 12,898. చీలిక వల్ల ఎక్కువ నష్టపోయింది గెలిచిన పార్టీయే! పత్రికల పిచ్చి గారి సూత్రం ఇక్కడ చెల్లదు.

సర్రే మిత్రుడు:

2009లో మన దగ్గర ప్రజారాజ్యం 16 శాతానికి పైగా ఓట్లు తెచ్చుకుని 18 సీట్లతో ఆగిపోయింది, లాభం కాంగ్రెస్‌కు. ఎక్కడైనా ఇదే కథ. ఇంత చర్చ ఎందుకండీ?

ద్వీపవాసి:

ఎక్కడైనా ఒకటే అయితే చర్చ అక్కర్లేదు, ఒప్పుకుంటాను. కానీ ఒకటి కాదు. ప్రజారాజ్యం ఒక ఎన్నికతో వచ్చి కాంగ్రెస్‌లో కలిసిపోయింది. ఇక్కడ గ్రీన్ ఓటు ఎన్నిక తర్వాత ఎన్నికగా నిలబడి ఉంది. 2020లోనూ లోయలో గ్రీన్ అభ్యర్థి ఉన్నారు. అయినా లియొనార్డ్ సునాయాసంగా గెలిచారు. అప్పుడు ఓడిన లిబరల్ అభ్యర్థి ఎవరో కాదు, 2024లో కన్సర్వేటివ్‌గా గెలిచిన ఈ బ్రెనన్ డేనే. మనిషి అతడే, ప్రత్యర్థి ఆమే, గ్రీన్ పార్టీ కూడా ఉంది. ఫలితం మాత్రం తిరగబడింది. చీలిక ఒక్కటే కారణమైతే రెండుసార్లూ ఒకే ఫలితం రావాలి. మధ్యలో జనం మారారు. ఇళ్ల ధరలు, వైద్యుల కొరత, మాదకద్రవ్యాల మీద ప్రభుత్వ విధానం, వీటి మీద కోపం పోలింగ్ కేంద్రం దాకా వచ్చింది.

ఇంకో సంగతి. 2017కు ముందు హద్దులు మార్చినప్పుడు కంబర్లాండ్‌ను ఈ సీటు నుంచి తీసి మిడ్ ఐలండ్-పసిఫిక్ రిమ్‌లో కలిపారు. బొగ్గు గనుల ఊరది, కార్మిక నాయకుడు జింజర్ గుడ్విన్ సమాధి ఉన్న ఊరు. ఎన్‌డీపీకి అలాంటి ఊరు చేజారినా అదే ఏడాది లిబరల్స్ నుంచి సీటు లాక్కుంది. ఇది ఓటరు మార్పు కాకపోతే మరేమిటి?

కోర్ట్నీ ఓటరు:

చాలాసేపటి నుంచి చదువుతున్నాను. అన్నయ్యలందరూ గ్రీన్ ఓటును దొంగిలించిన సొమ్ములా లెక్క వేస్తున్నారు. ‘ఎవరి ఖాతాలోంచి పోయాయి’ అని మాస్టారు అడిగారు. ఎవరి ఖాతాలోంచీ పోలేదు. నా ఓటు నాది.

2024లో మా దగ్గర గ్రీన్ అభ్యర్థి అర్జీనా హమీర్. సేంద్రియ వ్యవసాయం చేస్తారు, ప్రాంతీయ జిల్లా బోర్డులో డైరెక్టరుగా పనిచేశారు. నీటి గురించి, పొలాల గురించి ఆమెకు తెలిసినంత మిగతావారికి తెలియదని నా అభిప్రాయం. ఓటు వేశాను. డే స్వల్ప తేడాతో గెలిచిన మర్నాటి నుంచి ‘మీవల్లే కన్సర్వేటివ్ వచ్చాడు’ అని ఇరుగుపొరుగు మూతి ముడిచారు. అదే ఇరుగుపొరుగు 2017లో గ్రీన్‌లకు దండం పెట్టారు. హొర్గన్‌ను కుర్చీలో కూర్చోబెట్టింది వీవర్, ఫర్స్టెనా, ఓల్సెన్ అనే ముగ్గురు గ్రీన్ సభ్యులే. ముగ్గురూ ఈ ద్వీపం వైపు నుంచి గెలిచినవాళ్లే. పార్టీలకు కంపెనీలు, యూనియన్లు ఇచ్చే విరాళాలు ఆ ఏడాదే ఆగిపోయాయి. పెద్ద పార్టీ ఒక్కటే మెజారిటీతో వచ్చి ఉంటే అంత త్వరగా జరిగేదా? నాకు నమ్మకం లేదు.

ఎన్‌డీపీకి నా ఓటు కావాలంటే వచ్చి అడగాలి. గ్రీన్ అభ్యర్థి తప్పుకుంటే తమకే పడుతుందని కూర్చుంటే కుదరదు.

లెక్కల మాస్టారు:

అమ్మా, మాట కటువుగా ఉంటే మన్నించండి, కానీ మీ వాదనే నాకు బలం. మీ ఓటు ఎన్‌డీపీకి రాసిపెట్టినది కాదన్నారు కదా, దాన్నే అంకెల్లో పెడతాను.

2017లో ఇద్దరే బరిలో ఉన్నారనుకోండి. కన్సర్వేటివ్ ఓట్లన్నీ లిబరల్స్‌కే ఇచ్చేద్దాం. గ్రీన్ ఓట్లలో 69 శాతం ఎన్‌డీపీకి, మిగతావి లిబరల్స్‌కు వెళితే ఎన్‌డీపీ ఇరవై ఓట్ల చిల్లరతో గెలుస్తుంది. 68 శాతమే వెళితే లిబరల్స్ ఎనభై ఓట్ల పైచిలుకుతో గెలుస్తారు. ఒక్క శాతంలో ప్రభుత్వం తారుమారు! కాబట్టి ‘చీలిక లేకపోతే ఫలానావాళ్లు గెలిచేవారు’ అని ఏ పక్షమూ గుండెమీద చెయ్యేసి చెప్పలేదు. నేను ఇందాక కుడి ఎడమలుగా కూడింది ఆ గోల నోరు మూయించడానికే, అదే నిజమని కాదు.

పాత పత్రికల పిచ్చి:

మాస్టారి లెక్కను ఈ ప్రావిన్సు ఒకప్పుడు నిజంగానే చేసి చూసింది. 1952 ఎన్నికకు ముందు లిబరల్, కన్సర్వేటివ్ సంకీర్ణం ఎన్‌డీపీకి పూర్వరూపమైన సీసీఎఫ్‌కు భయపడి ఓటింగ్ పద్ధతే మార్చేసింది. ఓటరు అభ్యర్థులకు ఒకటి, రెండు, మూడు అని వరుస ఇవ్వాలి. లిబరల్ ఓటరు రెండో ఓటు కన్సర్వేటివ్‌కు, కన్సర్వేటివ్ ఓటరు రెండో ఓటు లిబరల్‌కు ఇస్తాడని వాళ్ల ఎత్తు. జనం రెండో ఓటు తీసుకెళ్లి అప్పటిదాకా ఎవరూ పట్టించుకోని సోషల్ క్రెడిట్‌కు వేశారు. సోషల్ క్రెడిట్ 19, సీసీఎఫ్ 18, లిబరల్స్ 6, కన్సర్వేటివ్‌లు 4. ఎత్తు వేసినవాళ్లే గల్లంతు. డబ్ల్యూ.ఏ.సి. బెనెట్ ముఖ్యమంత్రి అయ్యారు, 1953లో అదే పద్ధతిలో మెజారిటీ తెచ్చుకుని, ఆపైన ఆ పద్ధతినే రద్దు చేశారు. నిచ్చెన ఎక్కి నిచ్చెన లాగేయడం అంటే ఇదే.

అందుకే కోర్ట్నీ ఓటరు గారి మాటతో ఏకీభవిస్తాను. రెండో ఓటు ఎటు పోతుందో పార్టీ ఆఫీసులో కూర్చుని చెప్పలేరు. కానీ ద్వీపవాసి గారు 2020, 2024 పక్కపక్కన పెట్టి ‘అన్నీ అవే’ అనడం సరికాదు. ఒకటి మారింది. లిబరల్స్ బీసీ యునైటెడ్‌గా పేరు మార్చుకున్నారు. 2024 ఆగస్టులో ఆ పార్టీ నాయకుడు కెవిన్ ఫాల్కన్ ప్రచారం ఆపేసి కన్సర్వేటివ్‌లకు దారి వదిలారు. కుడిపక్షం ఒక్కటైన ప్రతిసారీ లోయ అటే వాలింది. 2001 నుంచి నాలుగు ఎన్నికలు, మళ్లీ 2024. మినహాయింపు 2020. అది మహమ్మారి మధ్యలో హొర్గన్ ముందుగా పెట్టిన ఎన్నిక, ఆయన హవాలో చాలా కోటలు కూలాయి.

సర్రే మిత్రుడు:

మరి ఓట్ల శాతాన్ని బట్టి సీట్లిచ్చే అనుపాత విధానం తెస్తే ఈ గొడవే ఉండదు కదా?

పాత పత్రికల పిచ్చి:

మూడుసార్లు అడిగారు. 2005లో దాదాపు 58 శాతం ఔనన్నారు, 79 సీట్లలో 77 చోట్ల మెజారిటీ వచ్చింది. నెగ్గాలంటే 60 శాతం కావాల్సి ఉండటంతో ఆగిపోయింది. 2009లో మద్దతు 39 శాతానికి పడింది. 2018లో తపాలా ఓటింగ్ పెడితే 61 శాతం పాత పద్ధతే చాలన్నారు. ఆ 2018 రెఫరెండం ఎన్‌డీపీ, గ్రీన్ ఒప్పందంలోని షరతు. అంటే కామాక్స్ లోయలోని 189 ఓట్లు లేకపోతే ఆ ప్రశ్నే జనం ముందుకు వచ్చేది కాదు. 2024 డిసెంబరులో రెండు పార్టీలూ మళ్లీ ఒప్పందం చేసుకుని ఎన్నికల సంస్కరణ మీద సభా సంఘం వేయాలన్నాయి. సంఘాలు వేయడం తేలిక.

ద్వీపవాసి:

2024లో కుడిపక్షం ఏకమైందన్న మాట కొట్టిపారేయలేను. అయినా నా వాదన వదలను. ఏకమైన కుడిపక్షం ఇక్కడ భారీగా గెలవలేదు, అంచు మీద గెలిచింది. పక్కా కుడి సీటైతే అలా ఉండదు. 2001లో లిబరల్స్‌కు ఓటు వేసి ఇప్పుడు ఎన్‌డీపీకి వేస్తున్నవాళ్లు ఈ లోయలో ఉన్నారు, నాకు తెలుసు. ఉద్యోగ విరమణ చేసి బయటి నుంచి వచ్చి స్థిరపడుతున్నవారు జనాభానే మార్చేస్తున్నారు.

తర్వాతి ఎన్నిక 2028 అక్టోబరులో. ముందే వస్తే ముందే. మాస్టారూ, మీ 69 శాతం లెక్కను 2024 అంకెలతో కూడా చేసి పెట్టండి. కోర్ట్నీ ఓటరు గారూ, ఆ ఇరుగుపొరుగు ఈసారి మీ ఇంటికి వచ్చి అడిగితే ఏం చెబుతారో కూడా రాయండి.

కోర్ట్నీ ఓటరు:

ముందు రానివ్వండి. ఇంతవరకు ఇంటికొచ్చి తలుపు తట్టింది కన్సర్వేటివ్‌లే.